ఉల్టా అచ్చు

మీట నొక్కగానే అక్షరం పడేది కాదు. కల్పలత ‘చి’ కొట్టి, ‘రం’ కొట్టి, ‘జీ’ కొట్టి, ‘వి’ కొట్టి, చేతులు ఒళ్లో పెట్టుకునేది. మెట్లెక్కుతున్న ముసలాయన మధ్యలో ఆగి గోడ పట్టుకున్నట్టు లాప్‌టాప్ ఆగిపోయేది. తర్వాత ఎప్పుడో, ఒక్కసారిగా ‘చిరంజీవి’ అని కక్కేది. ఆ సందులో ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీసేది. ఈ మధ్య కూర ముందవుతోంది, కార్డు వెనకబడుతోంది.

యాప్రాల్‌లో సందు చివర, మేడ మీద రెండు గదుల వాటా. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద లాప్‌టాప్, దానికి గోడలోంచి ఎప్పుడూ తీయని వైరు. వైరు ఊడితే దాని ప్రాణం పోతుంది. మోండా మార్కెట్ వెనక గల్లీలో ఉన్న రాఘవేందర్ ప్రెస్సుకు కల్పలత ఇంటి నుంచే తెలుగు కొట్టి పంపుతుంది. పెళ్ళి కార్డులు, గృహప్రవేశాలు, ఒడిబియ్యం, పెద్దకర్మ. ఏ కార్డూ కొత్తగా చేయదు. ఈ పనిలో ఎవరూ చేయరు. పాత కార్డు తెరవాలి, పేర్లు మార్చాలి, తారీఖు మార్చాలి, ఇంకో పేరుతో దాచుకోవాలి. పెళ్ళి మీద పెళ్ళి, చావు మీద చావు. అక్షరాలు కూడా పాతకాలపువే. గుండ్రంగా, నిండుగా ఉంటాయి. వాటికి మీటల వరస వేరు. ఇప్పటి పిల్లలకు ఆ వరస రాదు.

ఫోన్ మోగింది. రాఘవేందర్.

“అమ్మా, శనివారం పొద్దుగాల మూడు పెండ్లిళ్ల కార్డులు మెషీన్ మీదికెక్కాలె. నీ డబ్బా ఇంకా ఉడుకుతనే ఉన్నదా?”

“అయితది సార్.”

“అయితది అయితది అని పోయినసారి ముహూర్తం దగ్గర పడ్డంక ఇస్తివి. పార్టీ వచ్చి నా మీద ఎగిరె. కుషాయిగూడల ఒక పోరడున్నడు. వాడు ఫోన్ల మాట్లాడితె అదే టైపయితదట. వాని అక్షరాలు నాకు నచ్చలే, ఎండిన చాపల లెక్క ఉన్నయ్. గని తొందరగ ఇస్తడు. ఈసారి నీతోని కాకపోతె పని మొత్తం వానికే ఇచ్చేస్త. ఇగ మళ్ల అనుకోకు.”

“అనుకోను సార్.”

ఫోన్ పెట్టేసింది. గుండె దడదడలాడాలి. ఆడలేదు. ఇల్లు నడిచేది ఆ పని మీదే. అది తెలుసు. తెలిసినా, పక్కింటి వాళ్ల సంగతి విన్నట్టే ఉంది. భర్త తిరుమల్ పోయినప్పటి నుంచి అన్నీ అట్లాగే ఉన్నాయి. ఎండ ఎండలాగ లేదు, చారు చారులాగ లేదు.

లోపలి గదిలోంచి అనసూయమ్మ అడిగింది. “ఎవరు పిల్లా?”

“రాఘవేందర్ సార్, అత్తమ్మా.”

“పిలగాని సంవత్సరీకం కార్డు సుత యాదికి పెట్టుకో. నెల తిరిగితె ఒస్తది. పెద్దకర్మది ఉంటది గదా నీ డబ్బాల, దాన్నే మార్చి కొట్టియ్యి.”

“కొడ్త.”

అది కొట్టాలంటే ఆ పెద్దకర్మ కార్డు తెరవాలి. ఆనాటి నుంచి తెరవలేదు. ఆమె చిక్కుడు గిన్నె పక్కకు జరిపి, లాప్‌టాప్ మూసి, వైరు చుట్టింది.

కిందకి దిగేసరికి నల్లా దగ్గర రోసమ్మ బిందె పెట్టుకుని ఉంది.

“ఎటు కల్పలతా, డబ్బాను చంటిపిల్ల లెక్క సంకనేసుకొని?”

“రిపేరుకు.”

“మంచిగ చేయించు. నీకు అదే మొగడాయె ఇప్పుడు.” రోసమ్మ నవ్వింది. కల్పలత సందు మలుపు తిరిగాక, పక్కామెతో కొంచెం గొంతు తగ్గించి అంది. తగ్గించినా వినిపించింది. “మొగడు పోయినంక గూడ మూయలే దాన్ని. ఆయన కార్డు తనే కొట్టుకున్నది. కంట్ల చుక్క నీళ్లు రాలే. గుండెనా, బండనా.”

మాట నిజమే. తిరుమల్‌ను తీసుకుపోయాక, ఇంట్లో ఇంకా చుట్టాలుండగానే, రాఘవేందర్ వచ్చి వాకిట్లో చెప్పులిడిచి నిలబడ్డాడు. “అమ్మా, నిన్ను అడగొద్దు. గని ఈ అక్షరం ఇంకెవ్వరికి రాదు,” అన్నాడు. ఆమె లేచింది. బల్ల ముందు కూర్చుంది. కొట్టింది. పంపింది. మళ్లీ పోయి చాప మీద పడుకుంది. అంతే జరిగింది. అడిగినవాడిని ఎవరూ ఏమీ అనలేదు, కొట్టినదాన్నే అన్నారు.

ఆటోకు అడిగిన కిరాయి ఎక్కువనిపించి ఆమె బస్సు కోసం నిలబడింది.

*

ఏ.ఎస్. రావు నగర్‌లో టిఫిన్ సెంటర్ మేడ మీద రిపేరు షాపు. మెట్ల నిండా దోసెల వాసన. షాపతను పృథ్వీ. భీమవరం దగ్గరి పిల్లవాడు, కొత్తగా పెళ్ళైంది, వేలికి ఉంగరం ఇంకా వదులుగా ఉంది. వచ్చిన ప్రతి లాప్‌టాప్‌నూ ముందు ఒకసారి చేత్తో బరువు చూస్తాడు, కోడిపుంజును చూసినట్టు.

“కూర్చోండక్కా. ఏంటండీ బాధ?”

“మెల్లగ నడుస్తది తమ్మీ. మీట కొడితె అక్షరం పడనీకి పొద్దు గూకుతది.”

“కొత్తది చూపించమంటారా?”

“కొత్తది వద్దు.”

అతను లాప్‌టాప్ బోర్లా వేశాడు. తెల్ల కాగితం మీద దాని బొమ్మ గీసి, ఊడదీసిన ప్రతి మరనూ ఆ బొమ్మలో ఏ మూలది ఆ మూలే పెట్టాడు. అడుగు రేకు లేపితే ఫ్యాను రెక్కల్లో బూడిదరంగు దుమ్ము దూదిలాగ పేరుకుని ఉంది. కల్పలత ఆ దూది వంక చూస్తూ ఉండిపోయింది. తిరుమల్ బతికున్నప్పుడు తువాలు కొసతో తెర తుడిచేవాడు. లోపల ఇంత ఉందని ఇద్దరికీ తెలియదు.

“ఇదిగో ఇదీ డిస్కు. మీ సామానంతా దీంట్లోనే. దగ్గరికొచ్చి వినండి.”

ఆమె వంగి చెవి పెట్టింది. లోపల ఏదో టిక్కు టిక్కుమని పళ్లు కొరుకుతోంది.

“ఇది గిర్రున తిరిగే రకమండీ. ముసలిదైపోయింది. తిరగని రకం వేశామంటే మీ డబ్బా గుర్రమే. మెమరీ కూడా పెంచితే మంచిది. బ్యాటరీ ఎలాగూ పోయింది. మూడూ మార్చేస్తే ఇంక చూసుకోనక్కర్లేదు.”

“మూడు కావు తమ్మీ. ముందు ఏది?”

“డిస్కే. కళ్లు మూసుకుని డిస్కే. బ్యాటరీ జోలికెళ్లొద్దు, వైరు మీద బతికేస్తుంది.” సొరుగు లాగి, పచ్చటి చిన్న పలక ఒకటి తీసి గుడ్డతో తుడిచాడు. “మెమరీ పాతదొకటుంది. నీళ్లు పడి చచ్చిపోయిన దాంట్లోంచి తీశా. పనిచేస్తుంది. సగానికిస్తా.”

ఆమె బ్యాగులో చెయ్యి పెట్టి, తెచ్చుకున్న నోట్లను బయటికి తీయకుండానే వేళ్లతో చూసుకుంది. సరిపోతాయి. బస్సుకు కూడా మిగులుతుంది.

“ఎయ్యి. జెర లోపలంతా సాఫ్ చేసియ్యి తమ్మీ.”

“ఎందుకు చెయ్యనక్కా. మొత్తం ఫ్రెష్‌గా చేసిస్తా. మీ ఫైళ్లు మాత్రం భద్రంగా పక్కన పెడతా. రేపు మధ్యాహ్నం వచ్చెయ్యండి.”

ఆమె మెట్లు దిగింది. కింద దోసె పెనం మీద నీళ్లు చల్లితే చుయ్యిమంది. ఎండ మొహం మీద పడింది. చేతిలో బ్యాగు ఖాళీగా ఉంటే ఏ చేత్తో పట్టుకోవాలో తెలియలేదు.

*

మరునాడు ఇంటికి తెచ్చి, బల్ల మీద పెట్టి మీట నొక్కింది. గ్లాసులో నీళ్లు పోసుకోవడానికి తిరిగి, మళ్లీ చూసేసరికి తెర వెలిగి ఉంది. అనసూయమ్మ కూడా వచ్చి వెనక నిలబడింది.

“అప్పుడే లేసిందా?”

“లేసింది అత్తమ్మా.”

“కొత్త మందేసిండు గావచ్చు. ఇదేంది?” ముసలామె ప్లాస్టిక్ కవరు పట్టుకుంది. అందులో పాత డిస్కు ఉంది. మడిచిన చీటీ మీద పృథ్వీ ‘పాతది’ అని రాసి రబ్బరు బ్యాండుతో చుట్టాడు.

“అది పాతది. అక్కర్లేదు. అక్కడ పెట్టు.”

కల్పలత పోయిన సీజను పెళ్ళి కార్డు ఒకటి తెరిచింది. టక్కున తెరుచుకుంది. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు. వాటికి మీసాలు, కొమ్ములు, తోకలు. మధ్యమధ్యలో ప్రశ్న గుర్తులు. గణపతి బొమ్మ ఒక్కటే సరిగా ఉంది. ఆయన కింద అంతా పిచ్చిగీతలు.

ఇంకోటి తెరిచింది. అదే. గృహప్రవేశం తెరిచింది. అదే. మీటలు నొక్కి చూసింది. ‘క’ రావలసిన చోట ఇంగ్లీషు అక్షరమొకటి ఠక్కున పడింది. ఎంత తొందరగా పడిందంటే, చెంప మీద కొట్టినట్టు.

పృథ్వీకి ఫోన్ చేసింది.

“తమ్మీ, అక్షరాలు ఏవి?”

“ఏ అక్షరాలక్కా?”

“తెలుగు అక్షరాలు. కార్డులన్ని పిచ్చిపిచ్చిగ ఉన్నయ్.”

“ఫైళ్లన్నీ ఎక్కించానే! ఒక్కటి పోలేదండీ.”

“ఫైళ్లున్నయ్. చదవనీకి లేదు. కొడితె తెలుగు పడ్తలేదు.”

“అబ్బ... పాత తెలుగు ఫాంటా అక్కా మీది? అది ఎక్కించిన సీడీ ఉందా మీ దగ్గర?”

“సీడీ ఏడిది తమ్మీ. ఎన్నడో ఎవరో ఏసిచ్చిన్రు.”

“మరి మీరే కదండీ, లోపలంతా సాఫ్ చేసెయ్యమన్నారు! అందుకే పాత విండోస్ తీసేసి కొత్తది వేశా.”

“నేను దుమ్ము సాఫ్ చెయ్యమన్న తమ్మీ.”

“దుమ్మా?”

“దుమ్ము. ఫ్యాన్ల ఉన్నది గదా. ఇల్లు సాఫ్ చెయ్యమంటె సామాను బయట పారేస్తరా ఎవరన్న?”

“మా వైపు సాఫు అంటే మొత్తం తుడిచేయడమండీ... అక్కా, పాత డిస్కు కవర్లో పెట్టిచ్చానే, అది ఉందా? దాన్ని జాగ్రత్తగా పెట్టండి. దాంట్లో అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ఇవాళ షాపు కట్టేసి మా ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్తున్నా. రేపు పొద్దున్నే తీసుకురండి. ఉన్నది ఉన్నట్టు కొత్తదాంట్లోకి దించేస్తా. డబ్బులొద్దు.”

“రేపు శుక్రవారం.”

“అవునండీ.”

“మంచిది.”

ఫోన్ పెట్టేసి కూర్చుంది. రేపు శుక్రవారం. ఎల్లుండి పొద్దున మూడు కార్డులు. కుషాయిగూడ పిల్లవాడి మొహం ఎట్లా ఉంటుందో ఊహించుకుందామనుకుంది. ఎండిన చేపలే గుర్తొచ్చాయి.

చేసే పని లేక ఫైళ్లు ఒకదాని తర్వాత ఒకటి తెరుస్తూ పోయింది. అన్నీ పిచ్చిగీతలే. కానీ అవి ఆమెకు కొత్త కాదు. ఈ అక్షరం కొట్టేవాళ్లందరికీ, ఫాంటు ఎంచుకోక ముందు ఒక్క క్షణం ఇవే కనిపిస్తాయి. ఏళ్ల తరబడి చూసి చూసి, ఏ మీసం ఏ గుణింతమో, ఏ కొమ్ము ఏ ఒత్తో వేళ్లకు తెలుసు. కళ్లు గీతల మీద పెట్టి, వేళ్లు మీటల మీద ఊరికే ఆడిస్తే మాట తెలుస్తుంది. గుడ్డివాడు గోడ పట్టుకుని వంటింట్లోకి పోయినట్టు.

అట్లా పోతూ పోతూ, తిరుమల్ పేరు మీదున్న ఫైలు తెరిచేసింది.

మూసేయలేదు. గీతలే కదా.

వేళ్లు నడిచాయి. పెద్దకర్మ ఆహ్వానం. మా కుమారుడు. తిరుమల్. స్వర్గస్థులైనందున. ఏమీ కాలేదు. వేళ్లు తడబడలేదు కూడా. తల్లి, అనసూయమ్మ. దాని కింది వరస. భార్య. ఇక్కడ వేళ్లు తమంతట తాము ‘క’ మీదకి పోయాయి, రోజూ పోయే దారి కాబట్టి.

తెర మీద ఉన్నది ‘క’ కాదు.

ఆమె మళ్లీ చూసింది. వేలు తీసి, గీతల వెంట మెల్లగా పోయింది. ‘శే’. ‘షా’. ‘ర’. ‘త’, కింద ఒత్తు. సున్న.

శేషారత్నం.

శేషారత్నం అంటే సైనిక్‌పురి ఆవిడ. ధర్మరాజు గారి భార్య. ఆయన పెద్దకర్మ కార్డు తిరుమల్ పోకముందు కొట్టింది. దాన్నే తెరిచి పేర్లు మార్చింది. చావు మీద చావు. అన్నీ మార్చింది, ఒక్కటి మార్చలేదు.

అంటే కార్డు అట్లాగే అచ్చయింది. ఊరంతా పంచారు. తిరుమల్ భార్య శేషారత్నం అని. రోసమ్మ చూసింది, మేనత్త చూసింది, ఆఫీసోళ్లు చూశారు. అందరూ చూసి, ఎవరూ అనలేదు. బండ అన్నారు గానీ ఇది అనలేదు.

ఆమె లేచి గోడ దగ్గరకు పోయింది. తిరుమల్ ఫోటో. ఎదుటి అద్దం రోజూ తుడుస్తుంది, వెనక్కి ఎప్పుడూ చూడలేదు. అనసూయమ్మ కార్డు ఒకటి ఆ ఫ్రేము వెనక దోపి పెట్టిందని తెలుసు. తీసింది. దుమ్ము రాలింది. కింది వరసకు పోయింది.

భార్య: కల్పలత.

కాసేపు నిలబడింది. కార్డును కిటికీ దగ్గరకు తీసుకుపోయింది. ఆ పేరు మిగతా అక్షరాల రంగు కాదు, వంపు కాదు. కొంచెం నల్లగా, కాగితంలోకి నొక్కినట్టు ఉంది. గోరు ఆనిస్తే అంచు తగిలింది. సన్నటి కాగితం పట్టీ. ఎవరో కత్తిరించి, పాత పేరు మీద సరిగ్గా అంటించారు. ఒక మూల కొంచెం లేచి ఉంది. దాని కింద ఎండిపోయిన అన్నం మెతుకు, పొరలాగ.

అనసూయమ్మ వంటింట్లో మిగిలిన చిక్కుడుకాయలు తెంపుతోంది.

“అత్తమ్మా. దీని మీద కాగితం ఎవరంటిచ్చిన్రు?”

ముసలామె తల ఎత్తి, కార్డు చూసి, మళ్లీ తల దించింది. కాయ తుంచింది. ఈనె లాగింది.

“నేనే.”

“నీకు చదువు రాదు గదా.”

“సదువెందుకు, మెతుకుంటె సాలదా? రాగేందర్ కార్డులు కట్టగట్టి తెచ్చిండు. తెచ్చి, గీడ్నే, గీ గడప కాడ కూసొని నెత్తి పట్టుకున్నడు. పేరు తప్పు పడ్డదమ్మా, మళ్ల ఆమెను లేపి కొట్టియ్యమని నా నోటితోని అనలేను అన్నడు. ఆయన మిషన్ల నీ పేరు కొడదామంటె ఆయనకు ఆ మీటల వరస రాదట గద. వాళ్ల నాయిన కాలం సీసం అక్షరాలు గుద్ది, ముక్కలు కత్తిరిచ్చుకొని మళ్లొచ్చిండు. నువ్వు చాప మీద గోడ దిక్కు తిరిగి పండుకున్నవ్. ఆయన మెతుకు రుద్దుడు, నేను అంటిచ్చుడు.”

“అన్నింటికా?”

“అన్నింటికె. ఏ దిక్కు పైనో నాకేమెరుక? అందుకని ప్రతి ముక్కకు పైన పెన్సిల్‌తోని చుక్క పెట్టి ఇచ్చిండు. అయిన గూడ కొన్ని తలకిందులైనయ్. మీ మేనత్త ఇంటికి పోయింది ఉల్టానే పోయిందట. మా కల్పలత శీర్షాసనం ఏసింది అన్నదట, ముండమొయ్య, గసుంటి టైంల సుత నవ్వుడే దానికి.”

కల్పలత గడప మీద కూర్చుంది. కార్డు ఒళ్లో ఉంది.

“నాకెందుకు చెప్పలే?”

అనసూయమ్మ గిన్నెలో చెయ్యి పెట్టి కాయలు అటు ఇటు కలిపింది.

“ఏం చెప్పాలె? నువ్వు ఏడ్వకపోతివి. మందికి అది బండ లెక్క కనవడ్డది. నాకు పేరు తప్పు పడ్డదని తెలిసినప్పుడు సమజైంది, పిల్ల లోపట లేదని. లోపట లేనోళ్లను పిలిస్తె ఏం పలుకుతరు? ఒచ్చినప్పుడొస్తది అనుకున్న.” కాయ తుంచింది. “ఇగ లే. ఆ పాతది ఏదో రిపేరు పిలగాడు భద్రం అన్నడా ఫోన్ల? నేను పెరుగు గిన్నె మూత మీద పెట్టిన. బరువుగ మంచిగున్నది, పిల్లి నూకుతలేదు.”

కల్పలత లేచి పోయి చూసింది. కవరులో పాత డిస్కు, పెరుగు గిన్నె మీద బుద్ధిగా కూర్చుని ఉంది. కవరు మీద ఒక పెరుగు చుక్క. లోపలికి పోలేదు. కొంగుతో తుడిచి తీసుకుంది.

*

శుక్రవారం పొద్దున పృథ్వీ షట్టరు ఎత్తుతుండగానే ఆమె మెట్ల మీద ఉంది.

“ఆసుపత్రిల ఏమన్నరు?” అంది, కూర్చోకుండానే.

“మూడో నెలండీ.” అతను సిగ్గుపడ్డాడు. పాత డిస్కు తీసుకుని వాసన చూశాడు. “అక్కా, పెరుగు వాసనొస్తోంది?”

“మా అత్తమ్మ తోడు పెట్టింది.”

అతను నవ్వి, రెండు డిస్కులనూ పక్కపక్కన వైర్లకు తగిలించాడు. పాతది మళ్లీ టిక్కు టిక్కుమని పళ్లు కొరకడం మొదలుపెట్టింది. తెర మీద ఒక గీత పాకుతోంది. చీమలాగ. మధ్యలో ఒకసారి ఆగింది. పృథ్వీ డిస్కు మీద చెయ్యి ఆనించి పెట్టాడు, జ్వరం చూసినట్టు. కల్పలత కూడా కదల్లేదు. గీత మళ్లీ పాకింది.

“దించినంతసేపు తిప్పలు పెడుతుందక్కా, ముసలిది. ఒక్కసారి దిగిందంటే ఇంక దీని అవసరం లేదు.”

“దిగినంక అది ఇటియ్యి. పారెయ్యకు.”

“పెరుగు గిన్నె మీదికా?”

“ఆఁ.”

ఎంతసేపైందో ఆమె చూసుకోలేదు. కింద టిఫిన్లు అయిపోయి భోజనాలు మొదలయ్యాయి, సాంబారు పోపు వాసన పైకొచ్చింది. పృథ్వీ మరలన్నీ కాగితం బొమ్మ మీది నుంచి ఒక్కొక్కటే తీసి, ఏ మూలది ఆ మూల బిగించాడు. బిగించే ముందు బ్రష్షు తీసుకుని ఫ్యాను రెక్కల మధ్య ఇంకోసారి తిప్పాడు. చిటికెడు దుమ్ము రాలింది.

“ఇదిగోండి. సాఫ్. మీ సాఫ్.”

మీట నొక్కాడు. పాత తెర, పాత రంగు. మూలన తిరుమల్ ఎప్పుడో పెట్టుకున్న క్రికెట్ బొమ్మ. అన్నీ ఎక్కడివక్కడే. ఆమె వంగి ‘క’ మీట నొక్కింది. ‘క’ పడింది. గుండ్రంగా, నిండుగా. వెంటనే.

ఇంటికొచ్చి కూర్చుంది. మూడు పెళ్ళిళ్లు. ఇప్పుడు వేళ్లు ఆగడానికి సందు లేదు, ఈనెలు తీయడానికి సందు లేదు. చిరంజీవి అంటే చిరంజీవి, లక్ష్మీసౌభాగ్యవతి అంటే లక్ష్మీసౌభాగ్యవతి. ఒక్కో కార్డు అయ్యాక పేర్లన్నీ వేలు పెట్టి, పైకి చదివింది. అనసూయమ్మ గడప దగ్గర కూర్చుని వింది. “పిల్ల తాత పేరు రెండు మాట్ల అన్నవ్,” అంది ఒకసారి. నిజమే, రెండుసార్లు పడింది. తీసేసింది. పొద్దు గూకకముందే మూడూ పంపింది.

తర్వాత తిరుమల్ ఫైలు తెరిచింది. గీతలు లేవు. తెలుగే. భార్య: శేషారత్నం. కళ్లకు ఎదురుగా, తప్పు తప్పులాగే కూర్చుని ఉంది. పెద్దకర్మ తీసి సంవత్సరీకం వేసింది. తారీఖు మార్చింది. శేషారత్నం మీద మౌస్ గీసి, చెరిపే మీట నొక్కింది. పోయింది. అక్కడ తన పేరు కొట్టాలి.

కొట్టలేదు. అంత జాగా ఖాళీగా వదిలి దాచింది.

*

శనివారం ప్రెస్సులో మెషీన్ తిరుగుతోంది. నేల అదురుతోంది. రాఘవేందర్ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, తడి ఆరని పెళ్ళి కార్డు ఒకటి వేళ్ల చివర్లతో పట్టుకుని చూస్తున్నాడు.

“రా అమ్మా. మూడూ చూసిన. తప్పుల్లేవు. ఏం తినిపిచ్చినవ్ నీ డబ్బాకు?”

“డిస్కు మార్పిచ్చిన సార్.”

“మంచిగ చేసినవ్. కుషాయిగూడ పోరనికి వద్దని చెప్పిన. సోమవారం ఇంక రెండున్నయ్, పట్కపో.”

ఆమె పెన్ డ్రైవ్ ఇచ్చింది. అతను తన కంప్యూటర్లో పెట్టి తెరిచాడు. సంవత్సరీకం. చదువుకుంటూ వచ్చి ఆగాడు.

“ఇదేంది, భార్య పక్కన జాగ ఇడిసినవ్?”

కల్పలత బ్యాగులోంచి పాత కార్డు తీసి బల్ల మీద పెట్టింది. లేచి ఉన్న మూల మీద గోరు ఆనించింది.

రాఘవేందర్ కళ్లద్దాలు కిందికి దించాడు. మళ్లీ తీశాడు. చొక్కా కొసతో తుడిచాడు.

“మొత్తం మళ్ల అచ్చేస్తె కాగితం దండగని అంటిపిచ్చిన.”

“అంతేనా సార్?”

“అంతే.” మెషీన్ వైపు చూస్తూ అన్నాడు. తర్వాత, “నిన్ను అడగకుండ ఉండాల్సింది ఆ నాడు,” అన్నాడు. మెషీన్ చప్పుడులో ఆ మాట సగమే వినిపించింది. సగం చాలు.

“ఆ సీసం అచ్చు ఉన్నదా? ఈ జాగల అదే గుద్దాలె.”

అతను లేచి కాగితం కట్టల వెనక్కి పోయాడు. అక్కడ తండ్రి నాటి చెక్క పెట్టెలు, గళ్లు గళ్లుగా, సీసపు అక్షరాలతో దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. తూకానికి అమ్మమని కొడుకు ఎన్నిసార్లు చెప్పినా అమ్మలేదు. అచ్చు వేశాక ఏ గడి అక్షరాన్ని ఆ గడిలో కలిపేయాలి. అదీ ఆ పని పద్ధతి. అతను గళ్ల జోలికి పోలేదు. పై సొరుగు లాగి, ఒక చిన్న కట్ట తీశాడు. దారంతో చుట్టి ఉంది. విప్పని దారం.

“కలపబుద్ధి గాలే,” అని ఆమె చేతిలో పెట్టాడు.

బరువుగా ఉంది, చల్లగా ఉంది. ఆమె వెలుతురు వైపు తిప్పింది. త, ల, ల కింద ప ఒత్తు, క. అన్నీ వెనక నుంచి ముందుకు, అద్దంలో చూసినట్టు.

“ఉల్టా ఉన్నది సార్.”

“అచ్చు పడితె సీదా అయితది.”

ఆమె బొటనవేలు ఆ అక్షరాల మీద పెట్టి నొక్కింది. ఏమీ తెలియలేదు. ఇంకొంచెం నొక్కింది. ఒత్తు అంచు చర్మంలోకి దిగింది. ఇంకా నొక్కింది. నొప్పి తెలిసింది. మొదట వేలికి, తర్వాత మణికట్టు దాకా. అబ్బ అంది. బయటికే అంది.

వేలు తీసి చూసుకుంది. తెల్లబడిన చర్మం మీద, సిరా లేకుండా, సీదాగా ఉంది పేరు. చదువుకుంది. అక్షరాల చుట్టూ నెత్తురు మెల్లగా తిరిగి వచ్చి, ఎర్రబడుతోంది.